‘లాంగ్, లాంగ్ టైమ్’: లోకం అంతమయ్యాక నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది? ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ మూడో ఎపిసోడ్ కథ, చర్చ

లోకం అంతమై నాలుగేళ్లయింది. గొయ్యిలో పడిన ఒక మనిషి నిచ్చెన ఎక్కి బయటికొచ్చి, ఆకలేస్తోంది అంటాడు. ఎదురుగా తుపాకీ గురిపెట్టి నిలబడ్డ ఇంటాయన కుదరదంటాడు. ఒకసారి తిండి పెడితే నువ్వెళ్లి పదిమందికి చెబుతావు, వాళ్లంతా ఉచిత భోజనానికి ఇక్కడికి తయారవుతారు, ఇదేమీ ఆర్బీస్ కాదు అంటాడు. ఆర్బీస్ అంటే అమెరికాలో శాండ్‌విచ్‌లు అమ్మే హోటళ్ల చైన్. ఆకలితో ఉన్న మనిషి ఒక్క క్షణం ఆగి, ఆర్బీస్‌లో ఉచిత భోజనం ఎప్పుడూ పెట్టలేదే, అది హోటల్ కదా అని సరిదిద్దుతాడు.

చుట్టూ దేశమే లేదు. ఒకరి చేతిలో తుపాకీ, ఇంకొకరి కడుపులో ఆకలి. అయినా ఇద్దరూ మూతబడిన హోటల్ గురించి వాదించుకుంటున్నారు. హెచ్‌బీవో సీరియల్ ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ మూడో ఎపిసోడ్ ‘లాంగ్, లాంగ్ టైమ్’ అసలు మలుపు ఈ మాటల దగ్గరే మొదలవుతుంది. 2023 జనవరి 29న అమెరికాలో ప్రసారమైన ఈ ఎపిసోడ్, ప్రళయం తర్వాతి కథలు ఎలా ఉండాలనే చర్చలో ఇప్పటికీ ఉదాహరణగా వస్తూనే ఉంది. ఇందులో హాస్యం ఎలా పనిచేసింది? ఆశ ఎక్కడుంది? ఆ ఆశకు ఎవరు ధర చెల్లించారు?

(గమనిక: ఈ కథనంలో మూడో ఎపిసోడ్‌తో పాటు మొదటి సీజన్ ముగింపు వివరాలు కూడా ఉన్నాయి.)

ఎపిసోడ్ ఒక్క చూపులో

- సీరియల్: ది లాస్ట్ ఆఫ్ అస్, మొదటి సీజన్ (మొత్తం 9 ఎపిసోడ్లు)
- రచన: క్రెయిగ్ మేజిన్. గేమ్ సృష్టికర్త నీల్ డ్రక్‌మన్‌తో కలిసి సీరియల్‌ను రూపొందించింది ఈయనే. అంతకుముందు ‘చెర్నోబిల్’ (2019) రాశారు
- దర్శకత్వం: పీటర్ హోర్. 1980ల నాటి ఎయిడ్స్ సంక్షోభంపై వచ్చిన బ్రిటిష్ సీరియల్ ‘ఇట్స్ ఎ సిన్’ (2021) దర్శకుడు
- ప్రధాన పాత్రలు: బిల్ (నిక్ ఆఫర్‌మన్), ఫ్రాంక్ (మర్రీ బార్ట్‌లెట్), జోయెల్ (పెడ్రో పాస్కల్), ఎలీ (బెల్లా రామ్‌జీ), టెస్ (ఆనా టోర్వ్)
- నిడివి: సుమారు గంటంబావు
- కథాకాలం: 2003 నుంచి 2023 వరకు
- కథాస్థలం: అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, బోస్టన్‌కు దగ్గర్లోని లింకన్ అనే చిన్న ఊరు

ప్రళయం ఎలా వచ్చింది?

ఈ సీరియల్‌లో మనుషులను అంతం చేసేది బాంబు కాదు, వైరస్ కూడా కాదు. కార్డిసెప్స్ అనే ఒక రకం ఫంగస్. దీని బంధువులు నిజంగానే ఉన్నాయి. ఉష్ణమండల అడవుల్లో ఆఫియోకార్డిసెప్స్ అనే ఫంగస్ చీమ ఒంట్లోకి చేరి, దాని నడకను తన అదుపులోకి తెచ్చుకుంటుంది. చీమ ఒక ఆకు ఈనెను కరిచి పట్టుకుని అక్కడే చనిపోతుంది. ఆ తర్వాత దాని తలలోంచి ఫంగస్ మొలిచి బీజాలు వెదజల్లుతుంది. బీబీసీ ‘ప్లానెట్ ఎర్త్’ డాక్యుమెంటరీలో ఈ దృశ్యం చూశాకే గేమ్ సృష్టికర్తలకు ఈ ఆలోచన వచ్చింది.

హిమాలయాల్లో ఇదే జాతికి చెందిన మరో ఫంగస్ గొంగళిపురుగుల మీద పెరుగుతుంది. ఉత్తరాఖండ్‌లో దాన్ని ‘కీడా జడీ’ అంటారు, నేపాల్‌లో ‘యార్సాగుంబా’ అంటారు. అది మనుషులను ఏమీ చేయదు. పైగా మనుషులే దాని కోసం కొండలెక్కుతారు, మందుగా బంగారం ధరకు అమ్ముకుంటారు. సీరియల్‌లో మాత్రం ఈ ఫంగస్ మనిషి ఒంటి వేడిని తట్టుకునేలా మారుతుంది. పిండి, చక్కెర లాంటి సరుకుల ద్వారా ప్రపంచమంతా పాకుతుంది. 2003 సెప్టెంబరు చివర్లో రెండు మూడు రోజుల్లోనే అంతా కుప్పకూలుతుంది. బతికి ఉన్నవాళ్లు సైన్యం అదుపులోని క్వారంటైన్ జోన్లలో బిక్కుబిక్కుమంటూ కాలం గడుపుతారు.

ఇరవై ఏళ్ల తర్వాత, 2023లో, స్మగ్లర్ జోయెల్ చేతికి ఎలీ అనే 14 ఏళ్ల అమ్మాయి బాధ్యత వస్తుంది. ఆ అమ్మాయిని ఫంగస్ ఉన్న మనిషి కరిచినా ఏమీ కాలేదు. ఆమె ఒంట్లో ఉన్నదేదో మందుకు పనికొస్తుందేమోనని ఆశ. ఆమెను గమ్యం చేర్చే ప్రయాణమే మొదటి సీజన్. రెండో ఎపిసోడ్ చివర్లో జోయెల్ సహచరి టెస్ చనిపోతుంది. మూడో ఎపిసోడ్ ఆ దుఃఖంలో మొదలై, కాసేపటికే ప్రధాన కథను పక్కనపెట్టి ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లిపోతుంది.

కథ క్లుప్తంగా

సైన్యం ఊరు ఖాళీ చేయిస్తున్నప్పుడు బిల్ తన ఇంటి నేలమాళిగలో దాక్కుంటాడు. ప్రభుత్వాన్ని అస్సలు నమ్మని మనిషి. ఏదో ఒక రోజు అంతా కూలిపోతుందని ఎప్పటినుంచో తుపాకులు, తిండి, పరికరాలు పోగేసుకున్నవాడు. సైన్యం వెళ్లాక బయటికొచ్చి చూస్తే ఊరంతా ఖాళీ. హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లి కావాల్సినవి బండికెత్తుకుంటాడు, మద్యం దుకాణం నుంచి మంచి వైన్లు తెచ్చుకుంటాడు. కరెంటు, గ్యాసు తానే నడుపుకుంటాడు. ఊరి చుట్టూ కంచె వేసి, ఉచ్చులు పన్నుతాడు.

2007లో ఫ్రాంక్ ఆ ఉచ్చుల్లో ఒకదానిలో పడతాడు. బాల్టిమోర్ జోన్ కూలిపోయాక బోస్టన్‌కు బయల్దేరిన పదిమందిలో మిగిలింది అతనొక్కడే. బిల్ అయిష్టంగానే స్నానానికి వేడినీళ్లిస్తాడు. కుందేలు మాంసం వండి పెడతాడు. భోజనమయ్యాక ఫ్రాంక్ పియానో మీద లిండా రాన్‌స్టాట్ పాడిన 1970 నాటి ‘లాంగ్, లాంగ్ టైమ్’ పాటను అస్తవ్యస్తంగా వాయిస్తాడు. బిల్ తట్టుకోలేక అతన్ని ఆపి తానే పాడతాడు. ఆ పాట ఎవరి కోసమని ఫ్రాంక్ అడగడం, ఏ అమ్మాయీ లేదని బిల్ చెప్పడం, అది నాకు తెలుసులే అని ఫ్రాంక్ అనడం.. ఆ మూడు మాటలతో ఇద్దరి జీవితం మారిపోతుంది.

ఆ తర్వాత పదహారేళ్లు కలిసి ఉంటారు. గొడవ పడతారు. రేడియోలో పరిచయమైన టెస్, జోయెల్‌లను భోజనానికి పిలుస్తారు. దోపిడీ ముఠా దాడిని తట్టుకుంటారు. చివరికి ఫ్రాంక్ నయంకాని జబ్బుతో చక్రాల కుర్చీకి పరిమితమవుతాడు. ఒక రోజు పొద్దున్నే, ఇదే నా చివరి రోజు, దీన్ని మంచి రోజుగా గడుపుదాం అంటాడు. ఇద్దరూ తమ ఇంట్లోనే పెళ్లి చేసుకుంటారు. రాత్రి భోజనంలో ఫ్రాంక్ మందు కలిపిన వైన్ తాగుతాడు. బిల్ కూడా అదే తాగాడని తర్వాత తెలుస్తుంది. కొన్నాళ్లకు అక్కడికొచ్చిన జోయెల్, ఎలీలకు ఒక ఉత్తరం, ఒక బండి, మూసి ఉన్న పడకగది తలుపు మిగులుతాయి.

డార్క్ హ్యూమర్ అంటే ఏమిటి?

చావు, జబ్బు, విధ్వంసం లాంటి, నవ్వకూడదనుకునే విషయాల్లోంచి పుట్టే హాస్యాన్ని డార్క్ హ్యూమర్ లేదా బ్లాక్ హ్యూమర్ అంటారు. దీనికి బాగా ప్రసిద్ధమైన ఉదాహరణ సిగ్మండ్ ఫ్రాయిడ్ చెప్పింది. హాస్యంపై 1927లో రాసిన వ్యాసంలో ఆయన ఒక ఖైదీని ప్రస్తావిస్తాడు. సోమవారం పొద్దున ఉరికంబానికి తీసుకెళ్తుంటే, వారం బాగానే మొదలైంది అనుకుంటాడా ఖైదీ. లోకం ఎంత బాధించినా నన్ను ఓడించలేదు అని మనసు ప్రకటించుకోవడమే ఈ హాస్యమని ఫ్రాయిడ్ వివరణ.

ఇది మనకు కొత్తేమీ కాదు. చావింట్లోనూ పోయినాయన గురించి ఎవరో ఒకరు ఏదో అంటారు, ఏడుస్తున్నవాళ్లే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. దుఃఖం తగ్గిందని కాదు. దుఃఖంలో తాము ఒంటరిగా లేమని ఆ నవ్వు గుర్తుచేస్తుంది.

‘లాంగ్, లాంగ్ టైమ్’లో హాస్యం కూడా ఇలాంటి పనే చేస్తుంది. అయితే అక్కడికి చేరడానికి ఎపిసోడ్ మొత్తం పడుతుంది. బిల్ నవ్వును మొదటినుంచీ గమనిస్తే, అతని మార్పు అంతా అందులోనే కనిపిస్తుంది.

మొదటి నవ్వు: ఒంటరివాడిది

అందరూ పోయాక బిల్ పడే సంబరంలో గొప్ప హాస్యం ఉంది. లోకం కూలిపోతుందని జీవితమంతా హెచ్చరించిన మనిషికి, అది నిజంగానే కూలిపోతే పండగలా ఉంది. క్యూ లేదు, బిల్లు లేదు, అడిగేవాళ్లు లేరు. ఒక సన్నివేశంలో అతను శ్రద్ధగా వండుకున్న భోజనం ముందు కూర్చుని టీవీ తెర చూస్తుంటాడు. ఆ తెర మీద కనిపించేది అతని కంచె దగ్గరి కెమెరా దృశ్యం. ఫంగస్ పట్టిన ఒక మనిషి ఉచ్చులో కాలు పెడతాడు, తుపాకీ పేలుతుంది, తల ఎగిరిపోతుంది. బిల్ ముసిముసిగా నవ్వుకుని, ఎన్నిసార్లు చూసినా విసుగు రాదంటాడు.

ప్రేక్షకులూ నవ్వుతారు. కానీ ఆ సన్నివేశానికి కాస్త ముందే సీరియల్ ఇంకోటి చూపించింది. జోయెల్, ఎలీ నడిచే దారిలో అస్థిపంజరాల గుట్ట ఉంటుంది. జోన్లలో చోటు లేకపోతే ఖాళీ చేయించిన జనాన్ని సైన్యమే కాల్చేసిందని జోయెల్ చెబుతాడు. చనిపోయినవాళ్లకు ఫంగస్ సోకదు, అంతే లెక్క. ఆ గుట్టలో పసిబిడ్డ దుప్పటి ఒకటి ఉంటుంది. కథ వెనక్కి వెళ్లినప్పుడు అదే దుప్పటి, లింకన్ ఊరి నుంచి లారీ ఎక్కుతున్న ఒక తల్లి చేతుల్లో కనిపిస్తుంది. బిల్ తప్పించుకున్నది ఆ లారీనే. అంటే అతని పిచ్చి అనుమానం ఈ ఒక్కసారికి నిజమైంది. అతని స్వర్గం ఇరుగుపొరుగు చావు మీద లేచింది. ఈ సంగతి తెలిసి నవ్వాల్సిరావడమే ఈ హాస్యంలోని చీకటి.

రెండో నవ్వు: ఇద్దరిది

ఫ్రాంక్ వచ్చాక హాస్యం స్వభావం మారుతుంది. ఇప్పుడు బిల్‌ను ఎదిరించి మాట్లాడేవాళ్లు ఉన్నారు. ఆర్బీస్ వాదన దానికి నాంది. తర్వాత ఒక గొడవలో ఫ్రాంక్, ప్రభుత్వంలో ఉన్నవాళ్లంతా నాజీలని నువ్వు నమ్ముతావని ఎత్తిపొడుస్తాడు. నాజీలే కదా అని బిల్ అరుస్తాడు. ఇప్పుడు నిజమే, అప్పుడు కాదుగా అని ఫ్రాంక్ తిరిగి అరుస్తాడు. ఏ ఇంట్లోనైనా ఏళ్ల తరబడి సాగే రాజకీయ వాదన ఇది. కాకపోతే ఈ ఇంట్లో ఒకరి వాదన నెగ్గడానికి లోకమే అంతం కావాల్సి వచ్చింది.

ఆ గొడవ దేని గురించో చూస్తే ఇంకా నవ్వొస్తుంది. ఇళ్లకు రంగులు వేయాలి, గడ్డి కోయాలి, దుకాణం అద్దాలు తుడవాలి, స్నేహితులను పిలవాలి అంటాడు ఫ్రాంక్. ఊళ్లో మనుషులే లేరు, ఇదంతా ఎవరి కోసం అంటాడు బిల్. టెస్, జోయెల్‌లను పెరట్లో భోజనానికి పిలిచిన రోజు బల్ల మీద మంచి గుడ్డ పరిచి, వైన్ పోసి, అందంగా వడ్డిస్తారు. బిల్ మాత్రం అతిథుల వైపు తుపాకీ పెట్టుకునే కూర్చుంటాడు.

ఈ దశలోనే స్ట్రాబెర్రీల సన్నివేశం వస్తుంది. బిల్‌కు చెప్పకుండా ఫ్రాంక్ అతని తుపాకుల్లో ఒకదాన్ని టెస్‌కు ఇచ్చి విత్తనాల పొట్లం తీసుకుంటాడు. పండిన కాయలను బిల్‌కు చూపిస్తాడు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ రుచి తగలగానే గడ్డం నెరుస్తున్న ఆ మోటు మనిషి చిన్నపిల్లాడిలా కిలకిలా నవ్వేస్తాడు. చావును చూసి ఒంటరిగా నవ్వుకున్న మనిషి, ఇప్పుడు ఒక పండు కోసం ఇంకొకరితో కలిసి నవ్వుతున్నాడు. వెంటనే అతనంటాడు: నువ్వు రాకముందు నాకు ఎప్పుడూ భయం వేయలేదు అని. పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉన్నవాడికే భయం.

మూడో నవ్వు: చావు ముందు

చివరి రాత్రి భోజనం దగ్గర బిల్ కూడా మందు తాగేశాడని ఫ్రాంక్ గ్రహిస్తాడు. దీన్ని నేను సమర్థించను అంటాడు. కోపం తెచ్చుకోవాలి నిజానికి. కాసేపాగి, కానీ బయటినుంచి చూస్తే మాత్రం చాలా రొమాంటిక్‌గా ఉంది అంటాడు. ఇద్దరూ నవ్వుతారు. ఫ్రాయిడ్ చెప్పిన ఉరికంబం హాస్యం ఇదే. ఆ ఖైదీ తనలో తాను అనుకున్నాడు, ఇక్కడ ఆ మాట వినడానికి ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు.

బిల్ పోయాక కూడా అతని హాస్యం పోదు. ఉత్తరం మీద పేరు రాయడం దగ్గరే మొదలవుతుంది: ఎవరికైనా సరే, బహుశా జోయెల్‌కే. పడకగదిలోకి రావొద్దని, ఇల్లు వాసన రాకుండా కిటికీ తెరిచి ఉంచానని జాగ్రత్తలు చెబుతాడు. నువ్వంటే నాకెప్పుడూ నచ్చలేదు, అయినా మనం దాదాపు స్నేహితులమే అని రాస్తాడు. ‘దాదాపు’ అన్న ఆ ఒక్క మాటలో బిల్ మొత్తం ఉన్నాడు.

ఎలీ హాస్యం వేరు

ఈ ఎపిసోడ్‌లో ఇంకో రకం హాస్యం కూడా ఉంది. అది ప్రళయం తర్వాత పుట్టిన పిల్లది. దారిలో కూలిపోయిన విమానం శకలాలు చూసి, నువ్వు ఇలాంటిదాంట్లో ఎగిరావా అని ఎలీ ఆశ్చర్యంగా అడుగుతుంది. ఇరుకు సీటు, మండిపోయే ధరకు అమ్మిన శాండ్‌విచ్ గుర్తొచ్చి జోయెల్ విసుక్కుంటాడు. అయినా ఆకాశంలోకి వెళ్లావు కదా అంటుంది ఎలీ. వాళ్లూ వెళ్లారు అంటాడు జోయెల్, శకలాల వైపు చూసి.

పాతలోకం జోయెల్‌కు ఒక గాయం. ఎలీకి అది వింతల పెట్టె. ఎపిసోడ్ చివర్లో జీవితంలో మొదటిసారి కారు ఎక్కినప్పుడు అది ఆమెకు అంతరిక్ష నౌకలా అనిపిస్తుంది. జోయెల్‌కు మాత్రం అదొక పాత డొక్కు బండి. హాస్యం అక్కడుంది, ఆశా అక్కడే ఉంది. పోయినదాన్ని చూసి ఏడవని కళ్లు ఇంకా ఉన్నాయి.

గేమ్‌లో ఇలా లేదు

2013లో నాటీ డాగ్ సంస్థ విడుదల చేసిన గేమ్‌లో బిల్ కథ పూర్తిగా వేరు. అక్కడ జోయెల్, ఎలీ వచ్చేసరికి బిల్ బతికే ఉంటాడు, చికాకుపడుతూ వాళ్లకు సాయం చేస్తాడు. ఫ్రాంక్ మాత్రం ప్రాణంతో ఒక్కసారి కూడా కనిపించడు. బిల్‌ను వదిలి వెళ్లిపోయి, ఫంగస్ సోకి, ఉరేసుకుని చనిపోయిన స్థితిలో దొరుకుతాడు. నిన్ను ద్వేషిస్తున్నానని బిల్‌కు ఉత్తరం రాసి పెడతాడు. మనుషులను దగ్గరికి రానిస్తే మిగిలేది ఇదేనన్న హెచ్చరిక అది.

సీరియల్‌లో మేజిన్ ఆ హెచ్చరికను తలకిందులు చేశాడు. రెండింటిలోనూ ఒక ఉత్తరం మిగులుతుంది. గేమ్‌లో ఫ్రాంక్ రాసింది ద్వేషం, సీరియల్‌లో బిల్ రాసింది కృతజ్ఞత. ఎపిసోడ్ చివరి దృశ్యంలో కెమెరా తెరిచి ఉన్న పడకగది కిటికీలోంచి మెల్లగా వెనక్కి వస్తుంది. గేమ్ ఆడినవాళ్లకు ఆ కిటికీ తెలుసు. గేమ్ మొదలుపెట్టగానే తెర మీద కనిపించేది అలాంటి కిటికీయే.

ఆశ ఎక్కడుంది?

ప్రళయం కథల్లో ఆశ అంటే సాధారణంగా మందు, లేదా ఎక్కడో ఉన్న సురక్షిత నగరం. ‘ది వాకింగ్ డెడ్’ (2010–22) లాంటి సీరియళ్లు పదకొండు సీజన్ల పాటు ఒక ఆశ్రయం నుంచి ఇంకో ఆశ్రయానికి వెతుకులాట సాగించాయి. ‘లాంగ్, లాంగ్ టైమ్’లో మందు ప్రస్తావనే బిల్, ఫ్రాంక్‌ల దాకా రాదు. ఫ్రాంక్ జబ్బుకు డాక్టర్ దొరికినా లాభం లేదు. లోకం బాగున్న రోజుల్లోనూ దానికి వైద్యం లేదని అతనే గుర్తుచేస్తాడు.

ఇక్కడ ఆశ అంటే రోజువారీ పనులే. గోడకు రంగు, పెరట్లో మొక్క, సమయానికి భోజనం, జబ్బుపడ్డ మనిషికి మాత్రలు లెక్కపెట్టి ఇవ్వడం. బిల్ నైపుణ్యాలు మొదటినుంచీ ఉన్నవే. కంచె కట్టడం, వండటం, మరమ్మతులు చేయడం అతనికి ఎప్పుడో వచ్చు. ఎవరి కోసం అనే ప్రశ్నకు జవాబు మాత్రం ఫ్రాంక్ తెచ్చాడు.

వాళ్ల పెళ్లికి సంబంధించి సీరియల్ పైకి చెప్పని ఒక సంగతి ఉంది. అమెరికాలో స్వలింగ వివాహాలకు తొలిసారి దారి తెరిచిన రాష్ట్రం మసాచుసెట్స్. అక్కడి అత్యున్నత న్యాయస్థానం గుడ్‌రిడ్జ్ కేసులో ఆ తీర్పు ఇచ్చింది 2003 నవంబరు 18న. పెళ్లిళ్లు మొదలైంది 2004 మే 17న. సీరియల్‌లో లోకం ఆగిపోయింది 2003 సెప్టెంబరులో. అంటే బిల్ సొంత రాష్ట్రం ఆ తీర్పుకు రెండు నెలల దూరంలో ఉండగా చరిత్రే ముగిసిపోయింది. ఆ తీర్పు ఇవ్వాల్సిన కోర్టు లేదు, అడ్డుచెప్పే ప్రభుత్వమూ లేదు. మాక్స్ రిక్టర్ సంగీతం నేపథ్యంలో ఇద్దరు ముసలివాళ్లు తమ చేతులతో తామే ఉంగరాలు తొడుక్కుంటారు.

ఆ ఆశకు ధర ఎంత?

ఈ ఎపిసోడ్‌ను మెచ్చుకున్నవాళ్లలో కూడా రెండు ప్రశ్నలు మిగిలాయి.

మొదటిది ఫ్రాంక్ చావు గురించి. నయంకాని జబ్బు ఉన్న మనిషి తన చావును తానే ఎంచుకోవడాన్ని ఇంత అందంగా చూపించొచ్చా? వికలాంగుల జీవితాలకు తెర మీద దొరికే ముగింపు తరచూ ఇదే కావడంపై చాలాకాలంగా విమర్శ ఉంది. ఫ్రాంక్ నిర్ణయాన్ని ఎపిసోడ్ గౌరవిస్తుంది, బిల్ ఏడుస్తూ వద్దంటాడు కూడా. కానీ ఆరోగ్యంగా ఉన్న బిల్ కూడా వెంట వెళ్లడంతో, అది ప్రేమకు పరాకాష్ఠ అన్న భావన మిగులుతుంది. ఆ ఒక్కచోట హాస్యం ప్రశ్నను కాస్త తేలిక చేసిందని అనిపించక మానదు.

రెండోది ఇంకా లోతైనది. ఉత్తరంలో బిల్ ఇలా చెబుతాడు: ఒకప్పుడు నేను లోకాన్ని ద్వేషించాను, అందరూ చచ్చిపోతే సంతోషించాను. కానీ నాది పొరపాటు, కాపాడుకోదగ్గ మనిషి ఒకడు ఉన్నాడు. నీలాంటివాళ్లు, నాలాంటివాళ్లు ఉన్నది అలాంటి ఒక్కరిని కాపాడటానికే, అడ్డొచ్చినవాళ్ల ఖర్మ అని. టెస్‌ను చూసుకొమ్మని జోయెల్‌కు అప్పగిస్తాడు. ఆమె అప్పటికే పోయింది. జోయెల్ ఆ బాధ్యతను మెల్లగా ఎలీ మీదికి మార్చుకుంటాడు.

మొదటి సీజన్ ముగింపులో ఎలీ నుంచి మందు తయారు చేయాలంటే ఆమె ప్రాణం తీయాల్సిందేనని తేలుతుంది. జోయెల్ ఆస్పత్రిలో అడ్డొచ్చినవాళ్లందరినీ చంపి ఆమెను తీసుకుపోతాడు. జరిగిందేమిటో ఆమెకు అబద్ధం చెబుతాడు. మూడో ఎపిసోడ్‌లో కళ్లు చెమర్చేలా చేసిన ఆ ఉత్తరమే తొమ్మిదో ఎపిసోడ్‌లో లోకానికి మందు లేకుండా చేసిందని చెప్పొచ్చు. ఒక మనిషి కోసం బతకడం ఆశ. ఒక మనిషి కోసం మిగతా అందరినీ వదులుకోవడం ఏమిటి? బిల్ కంచె లోపల ఈ ప్రశ్నకు జవాబు అక్కర్లేకపోయింది. కంచె బయటికొచ్చాక తప్పలేదు.

స్పందన, పురస్కారాలు

ప్రసారమైన రాత్రి అమెరికాలో ఈ ఎపిసోడ్‌ను సుమారు 64 లక్షల మంది చూశారని హెచ్‌బీవో ప్రకటించింది. మొదటి ఎపిసోడ్‌కు వచ్చింది 47 లక్షలు. యాభై ఏళ్ల పైబడిన లిండా రాన్‌స్టాట్ పాట వినేవాళ్ల సంఖ్య, ఎపిసోడ్ ముగిసిన గంటలోనే అంతకుముందు వారంతో పోలిస్తే 4,900 శాతం పెరిగిందని స్పాటిఫై తెలిపింది. వ్యతిరేకత కూడా వచ్చింది. ఇద్దరు మగవాళ్ల ప్రేమకథ నచ్చనివాళ్లు రేటింగ్ సైట్లలో మూకుమ్మడిగా తక్కువ మార్కులు వేశారు.

2024 జనవరిలో నిక్ ఆఫర్‌మన్‌కు డ్రామా సీరియల్ అతిథి నటుడి విభాగంలో ఎమ్మీ దక్కింది. అప్పటిదాకా ‘పార్క్స్ అండ్ రిక్రియేషన్’లో ప్రభుత్వాన్ని ద్వేషించే ప్రభుత్వ ఉద్యోగి రాన్ స్వాన్సన్‌గా నవ్వించిన నటుడు ఆయన. బిల్‌ను చూస్తే రాన్ స్వాన్సన్ నిజంగానే ప్రళయంలో చిక్కుకుంటే ఎలా ఉంటాడో అనిపిస్తుంది. తర్వాత మరో పురస్కార వేదిక మీద ఆయన వ్యతిరేకులకు ఘాటుగానే బదులిచ్చారు. ఇది స్వలింగ కథ కాదు, ప్రేమకథ అన్నారు.

బిల్ ఊరి సెట్ వేసింది కెనడాలోని ఆల్బెర్టా రాష్ట్రం, హై రివర్ పట్టణంలో. 2013 వరదల తర్వాత ఇళ్లు తొలగించి ఖాళీ చేసిన కాలనీ స్థలం అది. నిజమైన విపత్తు ఖాళీ చేసిన చోట కల్పిత ఊరు లేచిందన్నమాట.

భారత్‌లో

మన దేశంలో ఈ సీరియల్ మొదట డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో వచ్చింది. రెండో సీజన్ 2025 ఏప్రిల్‌లో జియోహాట్‌స్టార్‌లో విడుదలైంది. మూడో ఎపిసోడ్ ఇక్కడికి చేరేసరికి స్వలింగ వివాహాల గుర్తింపు పిటిషన్లు సుప్రీంకోర్టు ముందున్నాయి. ఆ కేసులో మొదటి పిటిషనర్లు హైదరాబాద్‌లో ఉంటున్న జంటే. అదే ఏడాది అక్టోబరు 17న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ వివాహాలకు గుర్తింపునివ్వడానికి నిరాకరించింది. కోర్టులే మిగలని లోకంలో జరిగిన పెళ్లిని ఇక్కడి ప్రేక్షకులు చూసింది ఈ నేపథ్యంలోనే.

తెలుగులో ప్రళయాన్ని నవ్వుతో కలిపిన ప్రయత్నం ప్రశాంత్ వర్మ ‘జాంబీ రెడ్డి’ (2021). కరోనా రోజుల్లో, కర్నూలు ఫ్యాక్షన్ నేపథ్యంలో జాంబీలను దించిన సినిమా. కత్తులు నూరుకునే ఊళ్లోకి చావని శవాలు వస్తే ఎలా ఉంటుందన్నదే అందులో నవ్వు. అక్కడ హాస్యం పరిస్థితిలోంచి వచ్చింది. ‘లాంగ్, లాంగ్ టైమ్’లో అది ఇద్దరు మనుషుల మధ్యనుంచి వస్తుంది. జాంబీలు దాదాపు కనిపించకపోయినా ఆ ఎపిసోడ్ నిలబడటానికి కారణం అదే.

ఎందుకు గుర్తుండిపోయింది?

కథాపరంగా చూస్తే ఈ ఎపిసోడ్‌లో జోయెల్, ఎలీలకు దొరికింది ఒక బండి, ఒక బ్యాటరీ, కొన్ని బట్టలు. అంతే. అయినా సీజన్ మొత్తానికి దారి చూపించింది ఇదే. లోకం మళ్లీ మామూలవుతుందని ఎక్కడా మాట ఇవ్వదు. ఆశ పేరుతో తర్వాత ఎంత నష్టం జరగబోతోందో కూడా దాచదు.

చివరికి బండి కదులుతుంది. ఎలీ చేతికి ఒక క్యాసెట్ దొరుకుతుంది. లిండా రాన్‌స్టాట్ ఎవరో తెలుసా అని జోయెల్ అడుగుతాడు. తెలియదని నీకు తెలుసుగా అంటుంది ఎలీ. పాట మొదలవుతుంది. వెనక, తెరిచి ఉంచిన కిటికీ దగ్గర పరదా కదులుతుంటుంది.